అచ్చు గుద్దిన ఆప్యాయత: చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డు కథ

రబ్బరు స్టాంపు అనగానే మన తెలుగువాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది ఆఫీసు. ఊదారంగు సిరా ప్యాడు, మార్కుల జాబితా నకలు మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కింద పడే ముద్ర, ఆ ముద్ర కోసం మెట్ల మీద పడిగాపులు. సొంతంగా ఏమీ నిర్ణయించలేని పదవిలో ఉన్నవాళ్ళని కూడా మనం రబ్బరు స్టాంపు అనే వెక్కిరిస్తాం. అందుకే అమెరికా వచ్చిన కొత్తలో ఒక క్రాఫ్టు దుకాణంలో పూలు, పిట్టలు, కొవ్వొత్తులు, పుట్టినరోజు మాటలు చెక్కిన రబ్బరు స్టాంపులు ఒక వరస నిండా పేర్చి ఉండడం చూసి నాకు ఆశ్చర్యమేసింది. ప్రభుత్వం వేసే ముద్రతో ఇక్కడివాళ్ళు ప్రేమగా పలకరింపులు పంపుకుంటున్నారన్నమాట!

ఆ ఆశ్చర్యమే క్రమంగా అలవాటైంది, అలవాటు కాస్తా వెతుకులాట అయింది. చేత్తో చేసిన కార్డంటే యంత్రాలు రాకముందు ఎప్పుడో ఉండిన పాతకాలపు ముచ్చట అని మనలో చాలామంది అనుకుంటాం. చరిత్ర తిరగేస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. యంత్రం కొత్తగా ఏదైనా చౌకగా అందించినప్పుడల్లా, దాని వెనకాలే ఎవరో ఒకరు బల్ల ముందు కూర్చుని దానికి తమ చెయ్యి జోడించారు. ఆ బల్ల ముందు కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళ కథే ఈ వ్యాసం.

తపాలా చౌకయ్యాక

గ్రీటింగ్ కార్డు కథ మొదలయ్యేది బొమ్మల దగ్గర కాదు, తపాలా ఖర్చు దగ్గర. ఇంగ్లండులో 1840కి ముందు ఉత్తరం ఖరీదు అది వెళ్ళే దూరాన్ని బట్టి, అందులోని కాగితాల సంఖ్యని బట్టి ఉండేది. చాలాసార్లు ఆ డబ్బు అందుకున్నవాళ్ళే కట్టాలి. రోలండ్ హిల్ పట్టుపట్టి సాధించిన సంస్కరణతో 1840 జనవరిలో దేశంలో ఎక్కడికైనా ఒక పెన్నీకే ఉత్తరం వెళ్ళడం మొదలైంది. ఆ సంస్కరణ అమలులో పనిచేసిన హెన్రీ కోల్ అనే ఆయన, నాలుగేళ్ళు తిరక్కుండానే, క్రిస్మస్‌కి తనకొచ్చే ఉత్తరాలన్నిటికీ జవాబులు రాయలేక ఒక ఉపాయం ఆలోచించాడు. జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి, 1843లో సుమారు వెయ్యి కార్డులు అచ్చు వేయించాడు. వ్యాపారానికి ముద్రించిన మొదటి క్రిస్మస్ కార్డుగా చరిత్రకారులు చెప్పేది దాన్నే.

ఆ కార్డు గురించి రెండు విషయాలు గమనించాలి. ఒకటి, దాని ఖరీదు ఒక షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు. ఒక్క కార్డు డబ్బుతో పన్నెండు ఉత్తరాలు పంపుకోవచ్చు! సామాన్యులకి అందే వస్తువు కాదది. రెండు, రాతి మీద నుంచి అచ్చు తీసిన ఆ బొమ్మకి రంగులు వేసింది మనుషులే, ఒక్కొక్క కార్డుకీ విడివిడిగా. యంత్రం నుంచి వచ్చిన మొదటి కార్డు కూడా మనిషి చేతి మీదుగానే బయటికి వెళ్ళిందన్నమాట. పెద్దలతో పాటు చిన్నపిల్ల కూడా ద్రాక్షసారా తాగుతున్నట్టు బొమ్మలో ఉందని మద్యనిషేధవాదులు గోల చేశారు కూడా.

అమెరికాలో 1845లో తపాలా రేట్లు తగ్గాయి. 1847లో ప్రభుత్వం తపాలా బిళ్ళలు తెచ్చింది. 1851 నాటికి ముందే డబ్బు కట్టిన మామూలు ఉత్తరం మూడు సెంట్లకే మూడు వేల మైళ్ళ దాకా వెళ్ళేది. ఇక పంపడానికి అందమైన వస్తువు ఒకటి కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే మసాచుసెట్స్‌లో ఒక ఇరవై ఏళ్ళ అమ్మాయి రంగంలోకి దిగింది.

వూస్టర్‌లో ఒక పొడవాటి బల్ల

ఆ అమ్మాయి పేరు ఎస్తర్ హౌలాండ్. 1828లో వూస్టర్‌లో పుట్టింది. తండ్రికి పుస్తకాలు, కాగితాలు, కలాలు అమ్మే దుకాణం ఉండేది. ఆమె 1847లో మౌంట్ హోలియోక్ విద్యాలయంలో చదువు ముగించింది. ఆ మరుసటి సంవత్సరం అదే విద్యాలయంలో చదువుతున్న కవయిత్రి ఎమిలీ డికిన్సన్ తన అన్నకి రాసిన ఉత్తరంలో, వాలెంటైన్ చీటీలు పంపుకోవద్దని తమ పెద్దటీచరమ్మ అందరినీ పిలిచి హెచ్చరించిందని రాసింది. బడిలో వద్దన్న పనినే హౌలాండ్ బయటికొచ్చి పెద్ద వ్యాపారంగా చేసింది.

ఆమె చేతికి ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక వాలెంటైన్ కార్డు చేరింది. అంచులకి లేసులాంటి జాలీ కాగితం, మధ్యలో రంగురంగుల పూలు. అంతకుముందు అమెరికాలో ప్రేమలేఖలు అలంకరించేవాళ్ళు లేకపోలేదు. పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ కుటుంబాలవాళ్ళు కత్తెరతో కాగితాన్ని జల్లెడలా కత్తిరించి, ముడతలు విప్పుతుంటే ఒక్కొక్క మాట బయటపడేలా మడిచి పంపుకునేవారు. కానీ అది ఒక్కరు ఒక్కరి కోసం చేసే పని. హౌలాండ్ అడిగిన ప్రశ్న వేరు: ఇలాంటివి మనమే చేసి అందరికీ అమ్మగలమా?

తండ్రి చేత లేసు కాగితం, రంగుబొమ్మలు తెప్పించి కొన్ని నమూనాలు తయారుచేసింది. దుకాణం సరుకుతో ఊళ్ళు తిరిగే ఆమె సోదరుడు వాటిని వెంట తీసుకెళ్ళాడు. రెండు వందల డాలర్ల ఆర్డర్లు వస్తే చాలనుకుంటే అయిదు వేల డాలర్లకి పైగా వచ్చాయని చెబుతారు. ఒక్క మనిషి చెయ్యగల పని కాదది. స్నేహితురాళ్ళని పిలిచి, ఇంటి పై అంతస్తులో పొడవాటి బల్ల వేయించి, పని పంచింది. ఒకరు బొమ్మలు కత్తిరించాలి. ఒకరు అడుగు కాగితం అమర్చాలి. ఒకరు లేసు అంటించాలి. తను ముందు చేసిన నమూనా ఎదురుగా ఉంటుంది, బల్ల చివరికి చేరేసరికి కార్డు పూర్తవుతుంది. హెన్రీ ఫోర్డు కార్ల కర్మాగారంలో వరస పద్ధతి పెట్టడానికి అరవై ఏళ్ళ ముందు మాట ఇది.

ఈరోజు మనం కొనుక్కునే కార్డు సామానులో ఉన్న కిటుకులు చాలావరకు ఆ బల్ల మీద కనిపిస్తాయి. తెల్ల లేసు కింద చిన్న రంగుకాగితం ముక్క పెడితే లేసు అందం రెట్టింపవుతుందని హౌలాండ్ గ్రహించింది. కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి దాని మీద పైపొర అంటిస్తే బొమ్మ పైకి లేచి నిలబడుతుంది. ఇప్పుడు మనం నురుగు బిళ్ళలు అంటించి చేసే పని అదే. కవిత కార్డు ముఖం మీద కాకుండా లోపల ఉండేది. 1879లో ఆమె సంస్థ ఏకంగా ఒక కవితల పుస్తకమే వేసింది. అందులో వందకి పైగా చిన్న పద్యాలుండేవి. కార్డు నచ్చి లోపలి మాట నచ్చకపోతే, నచ్చిన పద్యం కత్తిరించి పైన అంటించుకోవచ్చు. బొమ్మ ఎవరిదైనా, మాట మాత్రం పంపేవాళ్ళదే కావాలన్న గ్రహింపు అది.

జబ్బుపడిన తండ్రిని చూసుకోవడానికి 1880-81 ప్రాంతంలో హౌలాండ్ వ్యాపారాన్ని జార్జి విట్నీకి అమ్మేసింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. 1904లో కన్నుమూసింది. ఆమె కార్డుల వెనక ఎర్ర సిరాతో చిన్న హెచ్ అక్షరం కనిపిస్తుంది. ఆ అక్షరం చూసే నేటి సేకరణకర్తలు అవి ఆమెవని గుర్తుపడతారు. కానీ ఆ బల్ల చుట్టూ కూర్చుని కత్తిరించి, అంటించి, ఆరబెట్టిన అమ్మాయిల గుర్తు ఏ కార్డు వెనకా లేదు. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ సంగతే.

రాళ్ళు, ప్రెస్సులు, చెప్పుల డబ్బాలు

ఆ తర్వాతి కథ పెద్ద యంత్రాలది, కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. జర్మన్ మాట్లాడే బ్రెస్లావ్ నగరం నుంచి 1850లో మనలాగే వలస వచ్చిన లూయీ ప్రాంగ్, బోస్టన్‌లో ఒక్కొక్క రంగుకి ఒక్కొక్క రాయి చొప్పున వాడి అద్భుతమైన బొమ్మలు అచ్చు వేశాడు. 1875లో అమెరికాలో క్రిస్మస్ కార్డులు అమ్మడం మొదలుపెట్టాడు. 1880లో బొమ్మల పోటీ పెట్టి మొదటి బహుమతిగా వెయ్యి డాలర్లు ఇచ్చాడు. చివరికి జర్మనీ నుంచి దిగుమతైన చౌక కార్డుల పోటీకి నిలవలేక ఆ వ్యాపారం మానుకోవలసి వచ్చింది. 1910లో జాయిస్ హాల్ అనే 18 ఏళ్ళ కుర్రాడు రెండు చెప్పుల డబ్బాల నిండా పోస్టుకార్డులతో కాన్సస్ సిటీలో దిగాడు. హాల్‌మార్క్ సంస్థకి అదే పునాది. మడతపెట్టి కవరులో పెట్టే కార్డు ఇంటింటికీ చేరింది. బొమ్మ వాళ్ళదే, మాట వాళ్ళదే. మన చేతికి మిగిలింది సంతకం ఒక్కటే.

మన దేశంలోనూ అంతే. 1979లో మొదలైన ఆర్చీస్ కార్డులు పట్నాల్లో కుర్రకారుని ఊపేశాయి. చిన్న ఊళ్ళలోనైతే డిసెంబరు ఆఖరి వారంలో కిరాణా కొట్టు ముందు కూడా పురికొసకి కార్డులు వేలాడేవి. సినిమా తారలు, గులాబీలు, వేలికి అంటుకునే తళుకు పొడి. కవరు అంటించకుండా మూత లోపలికి దోపి, బుక్ పోస్టు అని రాసి, తక్కువ ఖర్చుతో పంపిన రోజులు ఈ సంచిక చదివేవారిలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

పళ్ళ డాక్టరు పాత్రలో పుట్టిన ముద్ర

ఇక రబ్బరు స్టాంపు సంగతి. చలికి పెళుసుబారి, ఎండకి జిగురుగా మారే రబ్బరుని గంధకంతో కలిపి వేడిచేస్తే స్థిరంగా ఉంటుందని చార్లెస్ గుడ్‌యియర్ 1839లో కనుక్కున్నాడు. అది జరిగింది కూడా మసాచుసెట్స్‌లోనే, వూబర్న్ అనే ఊళ్ళో. 1844లో పేటెంటు వచ్చింది. ఆ తర్వాత పళ్ళ డాక్టర్లు కట్టుడు పళ్ళకి గట్టి రబ్బరు చిగుళ్ళు చెయ్యసాగారు. అందుకోసం రబ్బరుని ఆవిరి ఒత్తిడిలో ఉడికించే చిన్న పాత్ర ఒకటి వాళ్ళ దగ్గర ఉండేది. 1860లలో ఎవరికో తట్టింది: సీసం అక్షరాల నుంచి ప్లాస్టరు అచ్చు తీసి, అందులో రబ్బరు ఒత్తి, ఈ పాత్రలోనే ఉడికిస్తే అక్షరాల ముద్ర వస్తుంది కదా అని. మొదటివాడిని నేనంటే నేనన్నవాళ్ళు పలువురున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ ఊరివాడు జేమ్స్ వుడ్రఫ్ పేరు తరచుగా వినిపిస్తుంది. తొలి స్టాంపులు మాత్రం పళ్ళ డాక్టర్ల పాత్రల్లోనే తయారయ్యాయి.

వందేళ్ళపాటు అది ఆఫీసు సామానుగానే ఉండిపోయింది. దానితో మొదట ఆటలాడింది చిత్రకారులు. జర్మనీలో కుర్ట్ ష్విట్టర్స్ 1919 ప్రాంతంలోనే ఆఫీసు ముద్రలతో బొమ్మలు కూర్చాడు. 1960లలో న్యూయార్క్‌లో రే జాన్సన్, అతని మిత్రులు చిత్రాలని గ్యాలరీలకి కాకుండా తపాలాలో ఒకరికొకరు పంపుకోవడం మొదలుపెట్టారు. కవర్ల మీద ముద్రలే ముద్రలు. ప్రభుత్వపు అధికార చిహ్నాన్ని వాళ్ళు వేళాకోళంగా వాడారు. 1970లలో చిన్న చిన్న సంస్థలు బొమ్మల స్టాంపులు చేసి అమ్మసాగాయి. 1978లో 'ద రబ్బర్ స్టాంప్ ఆల్బమ్' అనే పుస్తకం వచ్చి ఆ సరదాని దేశమంతా పరిచయం చేసింది. 1988లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఇంటి హాల్లో ప్రారంభించిన స్టాంపిన్ అప్ సంస్థ దాన్ని వంటింటి బల్ల మీదకి తెచ్చింది. ఒకరి ఇంట్లో నలుగురు చేరి, నేర్చుకుని, కొనుక్కుని వెళ్ళడం అన్నమాట. హౌలాండ్ బల్ల మళ్ళీ వేశారు. ఈసారి జీతానికి కాదు, ఇష్టానికి.

బల్ల మీద జరిగేది

తెలియనివాళ్ళ కోసం పని ఎలా ఉంటుందో చెబుతాను. ఇక్కడ దొరికే ఎనిమిదిన్నర, పదకొండు అంగుళాల దళసరి కాగితాన్ని సగానికి కోసి మడిస్తే రెండు కార్డులవుతాయి. సిరాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి కాగితంలోకి ఇంకి వెంటనే ఆరిపోయేది. రెండోది పైపైనే ఉండి మెల్లగా ఆరేది. ఈ రెండో రకంతో ముద్ర వేసి, తడి ఉండగానే సన్నటి పొడి చల్లి, మిగిలింది దులిపేసి, వేడిగాలి పరికరంతో కాచితే పొడి కరిగి బంగారు గీతలా పైకి ఉబ్బుతుంది. మన శుభలేఖల మీద ఉబ్బెత్తు అక్షరాలు తడిమి చూస్తామే, చాలావాటి వెనక ఉన్న సూత్రం ఇదే. జుట్టు ఆరబెట్టుకునే యంత్రం దీనికి పనికిరాదు. పొడి కరిగేలోపే ఎగరగొట్టేస్తుంది.

ఇంకో పద్ధతిలో పువ్వుకి రెండు స్టాంపులు ఉంటాయి. ఒకటి గీతకి, రెండోది లోపలి రంగుకి. రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి పడాలి. ఈ పని మొదటిసారి చేసిన రోజున నాకు గుర్తొచ్చింది పెడన.

పెడన అచ్చులు, శుభలేఖ పసుపు

కృష్ణా జిల్లాలో మచిలీపట్నానికి పక్కనే ఉంది పెడన. అక్కడి కలంకారీ బట్టల మీద టేకు చెక్క అచ్చులతో బొమ్మలు వేస్తారు. గీతకొక అచ్చు, ఒక్కొక్క రంగుకి ఒక్కొక్క అచ్చు. బట్టని ముందు కరక్కాయ రసంలో, పాలలో నానబెడతారు. పాత ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళతో నల్లరంగు వస్తుంది. ఎర్రరంగు పట్టాలంటే పటిక కావాలి. పూర్వం చిరివేరు నుంచి తీసిన ఎరుపు ఈ తీరానికి ఎంతో పేరు తెచ్చింది. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు, ఇంగ్లీషువారు మచిలీపట్నంలో స్థావరాలు పెట్టుకుని ఓడల మీద తీసుకెళ్ళిన సరుకులో ఈ తీరపు అద్దకం బట్టలు ముఖ్యమైనవి. అద్దకంవారు అచ్చుని బట్ట మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. పోలికలు కలిసిన పిల్లల్ని చూసి మనం అచ్చు గుద్దినట్టున్నాడు అంటామే, ఆ మాటలోని గుద్దు అలాంటిదే. అలాంటి జాతీయం ఉన్న భాష మనది. ముద్ర వేసే విద్య మనకి కొత్త కాదు.

కార్డు అలంకరణ కూడా కొత్త కాదు. ప్రెస్సు నుంచి వచ్చిన పెళ్ళి పత్రికల కట్ట శుభలేఖ ఎప్పుడవుతుంది? ఇంట్లో పెద్దవాళ్ళు కూర్చుని నాలుగు మూలలా పసుపు పెట్టినప్పుడు. అంతవరకు అది కాగితమే. అయిదు వందల పత్రికలైనా సరే, ఒక్కొక్కదానికీ ఎవరో ఒకరి వేలు తగలాల్సిందే. యంత్రం చేసిన పనిని చెయ్యి పూర్తిచెయ్యాలన్న ఆలోచన హౌలాండ్ బల్ల మీద ఎంత స్పష్టంగా ఉందో, మన పెళ్ళివారింటి వసారాలోనూ అంతే స్పష్టంగా ఉంది.

మన బల్ల

మా ఊళ్ళో అయిదారుగురం ఆడవాళ్ళం నెలకోసారి ఒకరింట్లో కలుస్తాం. ఉగాదికి, దసరాకి, దీపావళికి, సంక్రాంతికి కార్డులు చేసి ఇండియాలోని పెద్దవాళ్ళకి పంపుతాం. మొదట్లో ఒక చిక్కొచ్చింది. ఇక్కడి దుకాణాల్లో మాటల స్టాంపులన్నీ ఇంగ్లీషువే. తెలుగు మాటలు మేమే కంప్యూటర్లో కూర్చి, స్టాంపులు చేసేవాళ్ళకి పంపి చేయించుకున్నాం. అక్షరాలు చిన్నవైతే శుభాకాంక్షలులో సున్నా సిరాతో పూడిపోయి చుక్కైపోతుంది, క్ష అలుక్కుపోతుంది. ఎత్తు కనీసం అర అంగుళం ఉండాలని, ఆరే సిరానే వాడాలని, పొడి చల్లితే తలకట్లు కలిసిపోతాయని చేస్తూ చేస్తూ తెలుసుకున్నాం. పిల్లలైతే పెన్సిలు రబ్బరు మీద తమ పేరులో మొదటి అక్షరం చెక్కుతారు. ముద్ర సరిగ్గా పడాలంటే అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. ఇక్కడ పుట్టి, తెలుగు చదవడానికి బద్ధకించే పిల్ల కూడా అక్షరం ఎటు తిరిగిందో, తలకట్టు ఎక్కడుందో అప్పుడు కళ్ళు పెట్టుకుని చూస్తుంది.

ఒకసారి మా అత్తయ్యగారు ఇక్కడికి వచ్చినప్పుడు మా బల్ల దగ్గర కూర్చున్నారు. అన్నీ చూసి, "అంతా బాగానే ఉందమ్మా, మరి పసుపేదీ?" అన్నారు. ఆమే లేచి వంటింట్లోంచి తెచ్చి, రెండు చుక్కల నీళ్ళతో తడిపి, ప్రతి కార్డు మూలా బొటనవేలితో అద్దారు. అప్పటినుంచి మా కార్డులకి అది తప్పనిసరి అయింది. బొత్తాలు, పూసలు అంటిస్తే కవరు ఉబ్బి తపాలావాళ్ళు అదనపు రుసుము అడుగుతారు. చదరపు కవరుకీ అంతే. పసుపుకి మాత్రం అదనంగా ఏమీ అడగరు.

ఇప్పుడు ఈ సరదాకి కష్టకాలం. పండుగ పలకరింపులు ఫోనులోకి వెళ్ళిపోయాయి. ఒకే బొమ్మ ఒకే పొద్దున్న యాభైమంది నుంచి వస్తుంది, రాత్రికి చెరిపేస్తాం. ఖరీదైన కార్డులకి పేరుపడిన పపైరస్ సంస్థ 2020లో తన దుకాణాలు మూసేసింది. బట్టలకీ, క్రాఫ్టు సామానుకీ పేరుపొందిన జోయాన్ దుకాణాలన్నీ 2025లో మూతపడ్డాయి. అయినా నేను నిరాశపడను. తపాలా చౌకైనప్పుడు, రాతి అచ్చు వచ్చినప్పుడు, పెద్ద ప్రెస్సులు వచ్చినప్పుడు కూడా చేతిపని అయిపోయిందనే అనుకుని ఉంటారు. ప్రతిసారీ ఎవరో ఒకరు మళ్ళీ బల్ల వేశారు. కాకపోతే ఆ బల్ల తనంతట తాను రాదు. ఎవరో ఒకరు వెయ్యాలి. మన విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. కార్డు అందుకుని మురిసిపోయే తరం అక్కడ రోజురోజుకీ తగ్గిపోతోంది.

కాబట్టి ఈ సంచిక చదివినవారికి నాదొక మనవి. ఈసారి పండుగకి ఒక్క కార్డు మీ ఇంట్లో పిల్లల చేత చేయించండి. ఖరీదైన సామాను అక్కర్లేదు. దళసరి కాగితం, పెన్సిలు రబ్బరు, సిరా ప్యాడు, కాస్త పసుపు చాలు. కార్డు పూర్తయ్యాక వెనక్కి తిప్పి, చేసినవాళ్ళ పేరు, ఊరు, తేదీ తెలుగులో రాయించండి. వూస్టర్‌లోని అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీలో నూట యాభై ఏళ్ళ కిందటి వాలెంటైన్‌లు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో హౌలాండ్ కార్డు ఏదో తెలుసుకోవచ్చు గానీ, దాన్ని ఏ అమ్మాయి అంటించిందో ఎవరూ చెప్పలేరు. మన పిల్లలు చేసిన కార్డు ఏ బామ్మ ట్రంకు పెట్టెలోనో యాభై ఏళ్ళు ఉండిపోవచ్చు. అది చేసిందెవరో ఆనాడు చూసినవాళ్ళకి తెలియాలి కదా.